మిషన్ స్టేట్‌మెంట్ ఎలగ రాయాలి? జీడిపప్పు యూనిట్ డ్రాఫ్టు పెట్టాను, చూసి చెప్పండి

కాశీబుగ్గ_గుండు · ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్, సీజన్లో 34 మందికి పని. పిక్క (పెంకు తీయని జీడిగింజ) కొని గుండు 240, 320 (విరగని పప్పు గ్రేడ్లు), బద్ద, ముక్క అన్నీ తీస్తాం. ఇన్నాళ్లూ సరుకంతా టిన్నుల్లో విశాఖ, హైదరాబాద్ స్వీటు షాపులకే. ఇప్పుడు పావుకిలో, అరకిలో ప్యాకెట్లు మొదలెడుతున్నాం, దానికో వెబ్‌సైటు. వెబ్‌సైటు చేసే కుర్రాడు ‘మా మిషన్’ అని ఒక పేజీ ఖాళీ ఉంచి రాసివ్వమంటున్నాడు. ఇంట్లో పిల్లలు రాసింది ఇది:

“అత్యుత్తమ నాణ్యతా ప్రమాణాలతో ప్రపంచస్థాయి జీడిపప్పును సరసమైన ధరలకు అందిస్తూ, వినియోగదారుల సంతృప్తే పరమావధిగా, విలువలతో కూడిన వ్యాపారం సాగించడమే మా ధ్యేయం.”

చదవడానికి బాగానే ఉంది గానీ ఎక్కడో విన్నట్టుంది. ఎంత పొడవుండాలి? విజన్ అని ఇంకోటి కూడా రాయాలా? ప్యాకెట్ మీద వెయ్యాలా?

అకౌంట్ల_మాస్టారు · ఆదివారం, రాత్రి 9:15

విన్నట్టుండడం కాదండీ, విన్నదే. ‘జీడిపప్పు’ తీసేసి ‘సిమెంటు’ పెట్టి చదవండి, అతుక్కుపోతుంది. మీ పక్క షెడ్డు బోర్డు మీద ఈ వాక్యం రాసినా వాళ్లు వద్దనరు. ఇది మొదటి పరీక్ష. పేరు మార్చినా చెల్లే వాక్యం ఎవరిదీ కాదు.

రెండోది తిరగేసి చదవడం. “నాసిరకం పప్పు, ఎక్కువ ధరకు, కొన్నవాడు ఏడ్చేటట్టు” అని ఎవరైనా రాసుకుంటారా? ఎదురుమాట ఎవరూ అనలేనిదైతే మీ మాటలో సరుకు లేనట్టే. అదే “పిక్క ఏ ప్రాంతందో టిన్ను మీద రాస్తాం” అనండి. “మేం రాయం” అనేవాళ్లు బజారు నిండా ఉన్నారు కాబట్టి అదొక మాట అవుతుంది.

ఇక పదం పదం పట్టుకుంటే: ‘అత్యుత్తమ’, దేనికంటే? ‘ప్రమాణాలు’, ఎవరు పెట్టినవి, ఎంత? ‘సరసమైన ధర’ మాత్రం కొంప ముంచే మాట. జీడిపప్పు ధర వారానికోసారి కదిలే సరుకు. ఆ మాట రాసిచ్చాక బేరానికొచ్చిన ప్రతివాడూ మీ బోర్డే మీకు చూపిస్తాడు. ‘విలువలు’ అంటే ఏవో చెప్పలేదు. ‘పరమావధి’ని తీసేస్తే పోయేదేమీ లేదు. మొత్తం జల్లెడ పడితే చివరికి మిగిలింది ‘జీడిపప్పు’ ఒక్కటే.

ఏడురోడ్ల_కూడలి · ఆదివారం, రాత్రి 9:50

బావూ, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఈ మిషన్లూ విజన్లూ పెద్ద కంపెనీల సోకు. పప్పు తెల్లగా, విరక్కుండా ఉంటే షాపోడు కొంటాడు, లేకపోతే పక్కోడి దగ్గరికెళ్తాడు. బ్యాంకుకైతే అసలు పనికిరాదు. ముద్రా అయినా, పీఎంఈజీపీ అయినా, ఏ సర్కారు పథకం లోనైనా ప్రాజెక్టు రిపోర్టులో మేనేజరు చూసేది డీఎస్‌సీఆర్ (అప్పు వాయిదాలకి రాబడి ఎన్ని రెట్లు) ఎంతుంది, వర్కింగ్ క్యాపిటల్ ఎన్నాళ్లకి తిరుగుతాది, మార్జిన్ సొమ్ము ఎక్కడిది. మిషన్ పేజీ తిప్పేస్తాడు. దీనికి డబ్బులిచ్చి కన్సల్టెంటు చేత రాయించుకునేవాళ్లను ఏటనాలి?

కోట_జంక్షన్ · ఆదివారం, రాత్రి 10:30

బ్యాంకు సంగతి ఏడురోడ్ల గారు చెప్పింది నిజం. కన్సల్టెంటు గురించి కూడా. కానీ ఇది బ్యాంకు కోసం రాసేది కాదు. యజమాని ఊళ్లో లేని రోజు షెడ్డులో సూపర్‌వైజరు ఒక ఆర్డరు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవాలి. అందుకు పనికొచ్చేది. నలుగురు పనిచేసే చోట అవసరం లేదు, మీ నోటిమాటే చాలు. 34 మంది, టిన్నులు, ప్యాకెట్లు, వెబ్‌సైటు అన్నాక నోటిమాట అందరిదాకా వెళ్లదు.

ముందు ఏది ఏదో విడదీద్దాం, ఇక్కడే అందరూ కలగాపులగం చేస్తారు. మిషన్ అంటే ఇవాళ ఎవరికి, ఏం, ఎలా చేస్తున్నాం అన్నది. విజన్ అంటే కొన్నేళ్లకి ఎక్కడుండాలి అన్నది. స్లోగన్ ప్యాకెట్ మీద మెరవడానికి. క్వాలిటీ పాలసీ అన్నది ఐఎస్‌ఓ 9001 అనే నాణ్యత సర్టిఫికెట్ తీసుకునేవాళ్లకి తప్పనిసరి కాగితం. 2015 ఎడిషన్లో 5.2 క్లాజు. నాణ్యత లక్ష్యాలు పెట్టుకోవడానికి అది ఆధారంగా ఉండాలి, నిరంతరం మెరుగుపడతామన్న మాట అందులో ఉండాలి, సిబ్బందికి తెలిసుండాలి. ఆ కాగితాన్నే తెచ్చి ‘మా మిషన్’ అని అంటించేవాళ్లు చాలామంది. ఆడిటరుకి సరిపోతుంది, కొనేవాడికి ఒక్క ముక్క ఎక్కదు.

మీకు విజన్ ఇప్పుడు అక్కర్లేదు. ఒకటి సరిగ్గా రాయండి చాలు.

ఏమేం ఉండాలంటే, ఫ్రెడ్ డేవిడ్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యుడు 1989లో తొమ్మిది భాగాలు చెప్పాడు: కొనేవాళ్లు, సరుకు, మార్కెట్టు, టెక్నాలజీ, నిలదొక్కుకోవడం-లాభం, నమ్మకాలు, మన ప్రత్యేకత, సమాజంలో పేరు, పనిచేసేవాళ్లు. తొమ్మిదీ కూరితే అరపేజీ అవుతుంది, ఎవరూ చదవరు. మీలాంటి యూనిట్‌కి నాలుగు చాలు. ఎవరికి, వాళ్ల ఏ ఇబ్బంది తీరుస్తున్నాం, ఎలా తీరుస్తున్నాం, ఏది చెయ్యం. ఆ నాలుగోది అందరూ వదిలేస్తారు, నిజానికి రోజూ పనికొచ్చేది అదే. మొత్తం 25 నుంచి 40 మాటలు.

మంచి మిషన్ పని ఎలా చేస్తుందో చూడాలంటే మదురై అరవింద్ కంటి ఆసుపత్రి. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి 11 పడకలతో మొదలెట్టారు. అనవసరంగా వచ్చే అంధత్వాన్ని లేకుండా చెయ్యడం, అంతే వాళ్ల మాట. శుక్లం ఆపరేషన్‌కి కావలసిన లెన్సు బయటినుంచి తెస్తే ఖరీదు. ‘మంచి ఆసుపత్రి నడపడం’ అని రాసుకుని ఉంటే ఆ ఖరీదు పేషెంటు మీద వేసేవాళ్లు. వాళ్ల మాట అంధత్వం గురించి కాబట్టి 1992లో లెన్సులు తామే తయారుచేసే అరోల్యాబ్ పెట్టారు.

ఇంకోటి, టెస్లా. మొదట్లో వాళ్ల వాక్యంలో ‘రవాణా’ అని ఉండేది. 2016లో సోలార్ కంపెనీని కలుపుకున్నప్పుడు దాన్ని ‘ఇంధనం’ అని మార్చారు. వాక్యం మిగతాదంతా అదే. వ్యాపారం మారితే వాక్యం మార్చుకోవచ్చు, తప్పులేదు. ఒక్క మాట మారిస్తే సరిపోయిందంటే మొదటి వాక్యం గట్టిగా ఉన్నట్టు.

చోడి_అంబలి · సోమవారం, ఉదయం 6:20

పొదుపు సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకి ఈ పని ఎలా చేయిస్తామో రాస్తాను. మీ షెడ్డుకీ ఇదే సరిపోతుంది.

గంటన్నర కూర్చోవాలి. ఆరుగురు నుంచి ఎనిమిది మంది, అంతకు మించొద్దు. యజమాని, లెక్కలు చూసేవాళ్లు, సూపర్‌వైజరు, పొర తీసే ఆడవాళ్లలో ఇద్దరు, గ్రేడింగులో ఒకరు, సరుకు వేసే డ్రైవరు. డ్రైవరుని వదలకండి. షాపులో టిన్ను విప్పినప్పుడు ఏమంటారో ఎదురుగా నిలబడి వినేది ఆయనే.

పోస్టుకార్డు సైజు అట్టముక్కలు మనిషికి ఐదు. రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాయాలి. మొదటి 20 నిమిషాలు ఒకటే ప్రశ్న: “మన దగ్గర కొనడం మానేస్తే వాళ్లకి పోయేదేటి?” రెండో 20 నిమిషాలు: “గడిచిన ఏడాదిలో ఎవరు తిట్టారు, దేనికి?” మూడోది: “డబ్బులు వస్తాయన్నా ఏ పని చెయ్యకూడదు?” అట్టలన్నీ నేల మీద పరిచి ఒకేలా ఉన్నవి ఒకచోట పెట్టండి. ఏ కుప్ప పెద్దదో చూడండి. మిగిలిన అరగంటలో ఆ కుప్పలోంచి మూడు వాక్యాలు, వాళ్లు అన్న మాటల్లోనే.

ఎక్కడ చెడుతుందంటే, యజమాని ముందు మాట్లాడేస్తారు. ఇక అందరూ తలూపుతారు. కాబట్టి యజమాని అట్ట చివర విప్పాలి. రెండో తప్పు, ఆ మీటింగులోనే నున్నగా దిద్దేద్దామనుకోవడం. ఎనిమిది మంది కలిసి వాక్యం దిద్దితే ఒక్కొక్కరికీ ఒక్కో విశేషణం చేరుతుంది. దిద్దడం ఒక్కరి పని, మర్నాడు.

కంపెనీగా రిజిస్టరైన వాళ్లకి ఒక హెచ్చరిక. మెమోరాండంలోని (రిజిస్ట్రేషన్‌కి ఇచ్చే పత్రం) ఆబ్జెక్ట్స్ క్లాజు, అంటే ఏయే వ్యాపారాలు చెయ్యొచ్చో రాసిన భాగం, తెచ్చి మిషన్‌గా పెట్టకండి. రేపు ఏ వ్యాపారం చేసినా అడ్డు రాకుండా చోడి (రాగులు) దగ్గర నుంచి ట్రాక్టరు అద్దె దాకా అందులో అన్నీ రాస్తారు. మిషన్ చెయ్యాల్సింది దానికి సరిగ్గా ఎదురు పని, గీత గియ్యాలి.

ఏడురోడ్ల_కూడలి · సోమవారం, ఉదయం 7:05

డ్రైవరుని కూర్చోబెట్టడం మాత్రం నచ్చింది నాకు.

కాశీబుగ్గ_గుండు · మంగళవారం, రాత్రి 9:30

ఈరోజు మధ్యాహ్నం కూర్చున్నాం. పెద్ద కుప్ప ఒకటే: షాపువాళ్లు టిన్ను విప్పి మళ్లీ ఏరుకోవలసి వస్తోంది, 320 అని రాసినదాంట్లో చిన్న గుండు కలుస్తోంది, బద్ద ఉంటోంది. మా సరుకు గురించి కాదు, బజారులో మామూలు ఫిర్యాదు అన్నారు. రెండో కుప్ప శనివారం కూలి. మూడోది, పండగ రద్దీకి పొర తీసే పని ఊళ్లో ఇళ్లకి ఇవ్వకూడదని. రెండో డ్రాఫ్టు:

“మేము కాశీబుగ్గలో స్వయంగా పప్పు తీసి స్వీటు షాపులకు, ఇళ్లకు అమ్ముతాం. 100 శాతం స్వచ్ఛమైన, సహజమైన ఉద్దానం జీడిపప్పు, రాసిన గ్రేడే, 24 గంటల్లో అందిస్తామని హామీ ఇస్తున్నాం. మా కార్మికులే మా కుటుంబం.”

అకౌంట్ల_మాస్టారు · మంగళవారం, రాత్రి 10:10

మొదటిదానికీ దీనికీ చాలా తేడా ఉంది. ‘రాసిన గ్రేడే’ అన్న రెండు మాటలు బంగారం. మిగతాది కాస్త చూసుకోవాలి, ఎందుకంటే వెబ్‌సైటు మీదా ప్యాకెట్ మీదా వేసిన మిషన్ చట్టం దృష్టిలో ప్రకటనే.

‘100 శాతం స్వచ్ఛమైన, సహజమైన’: ఆహార భద్రత సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనల్లో ‘నేచురల్’, ‘ఫ్రెష్’, ‘ప్యూర్’ లాంటి మాటలు ఏ సరుకుకి ఎప్పుడు వాడొచ్చో షరతులున్నాయి. మీ మిషన్‌కి ఆ మాటల అవసరమే లేదు, తీసెయ్యండి.

‘ఉద్దానం’: అసలు చిక్కు ఇక్కడ. మీరు కొనే పిక్కంతా మన ఉద్దానం ప్రాంతందేనా? 2018 అక్టోబరు తిత్లీ తుపానులో ఉద్దానం జీడితోటలు, కొబ్బరితోటలు ఎంత పడిపోయాయో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. పలాస యూనిట్లు పశ్చిమ ఆఫ్రికా పిక్క కూడా ఆడిస్తాయన్నది బహిరంగమే. పలాస-కాశీబుగ్గలో పప్పు తీశామనడం వేరు, ఉద్దానంలో పండిందనడం వేరు. మొదటిది ఎప్పుడూ నిజం. రెండోది లాటుని బట్టి నిజం.

‘హామీ’: 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, తప్పుడు హామీ తప్పుదారి పట్టించే ప్రకటన కిందికే వస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యగలదు. మీ దాకా వస్తారా అంటే, రావడానికి ఒక్క ఫిర్యాదు చాలు. 24 గంటల్లో హైదరాబాద్‌లో సరుకు దించడం లారీవాడి చేతిలో ఉంది, మీ చేతిలో లేదు. చేతిలో లేనిది మిషన్‌లో పెట్టకండి.

చోడి_అంబలి · బుధవారం, ఉదయం 6:00

‘కార్మికులే కుటుంబం’ కూడా తీసెయ్యండి బాబూ. మీ అట్టల్లో ఆడవాళ్లు అడిగింది కుటుంబం కాదు, శనివారం కూలి. అదే రాయండి. కానీ రాసే ముందు ఒక లెక్క చూసుకోండి. పిక్క కొనేది ఫిబ్రవరి నుంచి మే దాకా. ఏడాది సరుకు అప్పుడే కొని గోదాములో వేస్తే డబ్బంతా అక్కడ ఇరుక్కుంటుంది, కూలి వాయిదా పడేది సరిగ్గా ఆ నెలల్లోనే. 34 మందికి నాలుగు వారాల కూలి ఎంతో లెక్కగట్టి, ఆ సొమ్ము పిక్క ఖాతాతో కలవకుండా వేరే ఖాతాలో పెట్టగలిగితే రాయండి. లేకపోతే రాయకండి. గోడ మీద రాసి ఏప్రిల్‌లో తప్పితే అసలు రాయనిదానికంటే చేటు.

కోట_జంక్షన్ · బుధవారం, ఉదయం 9:40

రాసిన ప్రతి మాట వెనకా ఒక కొలత ఉండాలి. అది మిషన్‌లో కనబడక్కర్లేదు, రిజిస్టరులో ఉంటే చాలు.

‘రాసిన గ్రేడే’ అన్నారు. గ్రేడు అంకె పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్తుంది. 240 అంటే 220 నుంచి 240, 320 అంటే 300 నుంచి 320. మీకు తెలిసిందే. కానీ మీ ప్యాకెట్ కొనే ఇల్లాలికి తెలీదు, వెబ్‌సైటులో ఒక లైను పెట్టండి. ఇప్పుడు ప్రతి లాటులో టిన్ను పైనా, మధ్యా, అడుగునా 454 గ్రాములు తీసి లెక్కపెట్టించండి. మూడు అంకెలూ, తేదీ, లెక్కపెట్టినవాళ్ల సంతకం. కింది గ్రేడూ విరిగిందీ కలిపి 5 శాతం దాటిందా, ఆ టిన్ను మీద 320 చీటీ వెయ్యొద్దు. తేమ కూడా 5 శాతం లోపే. బోర్మాలోంచి (పప్పు ఆరబెట్టే పొయ్యి) తీసిన పప్పుకి ప్యాకింగు ముందు మళ్లీ తేమ ఎక్కేది వానాకాలంలోనే, అప్పుడు రోజూ చూడాలి. లెక్క అడుగున ఎందుకంటే, కలిపేవాళ్లు పైన కలపరు.

ఇవన్నీ మిషన్ రాయడంలో భాగమేనా అంటే, అవును. ఈ రిజిస్టరు పెట్టే ఓపిక లేకపోతే ‘రాసిన గ్రేడే’ అన్న మాట కూడా ‘అత్యుత్తమ’ పక్కకి చేరిపోతుంది.

కాశీబుగ్గ_గుండు · బుధవారం, రాత్రి 10:20

మూడోది:

“స్వీటు షాపువాళ్లు, వంటవాళ్లు టిన్ను విప్పాక మళ్లీ ఏరుకోనక్కర్లేకుండా, రాసిన గ్రేడే ఉండే జీడిపప్పు ఇస్తాం. పిక్క ఏ ప్రాంతందో ప్రతి టిన్ను మీద రాస్తాం. పప్పు పని అంతా మా షెడ్డులోనే చేయిస్తాం. కూలి ప్రతి శనివారం ఇస్తాం.”

కూలి ఖాతా విడిగా పెట్టడానికి లెక్క చూశాం, కుదురుతుంది.

అకౌంట్ల_మాస్టారు · బుధవారం, రాత్రి 11:00

ఇది ఎవరి పేరు మీదకీ మారదు. బాగుంది. ఇప్పుడు మూడు ఆర్డర్లు దీని మీద పెట్టి చూడండి, వాక్యం జవాబు చెప్పాలి.

మొదటిది: పాత ఖాతాదారు ఒకాయన “320లో నాలుగోవంతు 450 కలిపి రేటు తగ్గించి ఇవ్వు, చీటీ 320 అనే ఉండనీ” అంటాడు. వాక్యం వద్దంటుంది. కలపమంటే కలపండి, చీటీ మీద ‘కలిపింది’ అని రాసి. రెండోది: ఒక వ్యాపారి మీ బద్ద అంతా కొని తన బ్రాండు సంచుల్లో నింపుకుంటానంటాడు. మీ టిన్ను మీద మీరు రాసే పంపుతారు, ఆ తరవాత సంచి ఆయన పేరు మీద ఉంది. వాక్యం అడ్డు రాదు, అమ్మొచ్చు. మూడోది: దీపావళి ముందు రెట్టింపు ఆర్డరు. షెడ్డులో చేతులు చాలవు. ‘మా షెడ్డులోనే’ అన్నారు కాబట్టి ఆర్డరు వదులుకోవాలి.

ఈ మూడోదే నన్ను ఆపుతోంది. రేపు పెరిగితే రెండో షెడ్డు అద్దెకి తీసుకుంటారు, పక్క యూనిట్ చేత పని చేయించుకుంటారు. మీ వాళ్ల అసలు భయం గోడల గురించా, కంటిచూపు గురించా?

కాశీబుగ్గ_గుండు · గురువారం, ఉదయం 7:15

కంటిచూపు గురించే. ఇళ్లకిస్తే పొర ఎక్కడ తీశారో, చేతులు కడిగారో, ఎంత విరిగిందో తెలీదు. తూకంలో కూడా గొడవే.

కోట_జంక్షన్ · గురువారం, ఉదయం 8:00

అలాగైతే “మా మనిషి ఎదురుగా లేని చోట పప్పు పని చేయించం” అని రాయండి. షెడ్డు ఎన్నైనా పెట్టుకోవచ్చు, పక్క యూనిట్‌కి మీ సూపర్‌వైజరుని పంపి చేయించుకోవచ్చు, ఇళ్లకి మాత్రం ఇవ్వరు. పద్ధతి మారుతూ ఉంటుంది. మిషన్లో పెట్టాల్సింది ఆ పద్ధతి దేనికోసమో అది.

వాలుగ_పన్ను · గురువారం, మధ్యాహ్నం 1:10

పొందూరు వైపు నుంచి అడుగుతున్నాను. ఖద్దరు అమ్మే కొత్త దుకాణానికి “వాలుగ చేప పన్నుతో ఏకిన పత్తి, చేత్తో వడికిన 100 కౌంటు నూలు” అని మిషన్ పెట్టుకోవచ్చా? వినడానికే బాగుంటుంది కదా.

కోట_జంక్షన్ · గురువారం, మధ్యాహ్నం 2:00

అది సరుకు వర్ణన, మిషన్ కాదు. ప్యాకింగులో, వెబ్‌సైటులో ఉండాల్సిన మాట, అక్కడ అద్భుతంగా ఉంటుంది. పైగా దుకాణంలో ప్రతి పంచే 100 కౌంటు కాదు కదా. ఆ వాక్యం కింద ముతక చొక్కా పెట్టి అమ్మితే కొన్నవాడు నిలదీస్తాడు. ఎవరికి, ఏ ఇబ్బంది అన్నది అడగండి. ఖద్దరు కొనేవాడి ఇబ్బంది ఏది చేతి నూలో, ఏది మిల్లు నూలో చెప్పలేకపోవడం. “ఏ గుడ్డ నూలు ఎవరు, ఎక్కడ వడికారో అడిగినవాళ్లకి చూపించి అమ్ముతాం” అనండి. అప్పుడు మీరు ప్రతి తానుకీ చీటీ కట్టాలి, అది కట్టగలరో లేదో ముందు చూసుకోండి. ‘ఖాదీ’ అన్న మాటకి 2013 నుంచి ఖాదీ మార్కు నిబంధనలున్నాయి. మార్కు లేకుండా ఆ పేరుతో అమ్మకూడదు. బొబ్బిలి వీణలు, బుడితి ఇత్తడి అమ్మేవాళ్లు కూడా గమనించాలి, వాటికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. ఆ పేరు మిషన్లో వాడేముందు అధీకృత వినియోగదారుగా నమోదయ్యారో లేదో చూసుకోవాలి.

బొంకులదిబ్బ_కుర్రోడు · గురువారం, సాయంత్రం 6:30

పెద్దలు మన్నించాలి, నా ప్రశ్న వ్యాపారం కాదు. విజయనగరంలో డిగ్రీ ఆఖరి ఏడాది. సాయంత్రాలు లెక్కల ట్యూషన్ చెప్తాను, గ్రూప్-2కి చదువుతున్నాను. మనిషికి కూడా మిషన్ స్టేట్‌మెంట్ రాసుకోమంటారు కదా. “గ్రూప్-2 ఆఫీసరు అవ్వడమే నా మిషన్” అంటే సరిపోతుందా?

చోడి_అంబలి · గురువారం, రాత్రి 7:45

సరిపోదు నాయనా. అది లక్ష్యం, ఫలితాలొచ్చిన రోజుతో అయిపోతుంది, వచ్చినా రాకపోయినా. మర్నాడు పొద్దున్న ఏం చెయ్యాలో అది చెప్పదు.

ముందు విశేషణాలు రాసుకోవద్దు. ‘నిజాయితీ, పట్టుదల, క్రమశిక్షణ’ అని మొదలెడితే పైన జీడిపప్పు మొదటి డ్రాఫ్టులా తయారవుతుంది. ఒక వారం అరగంటకో గడి చొప్పున ఏం చేశావో రాయి. వారానికి 168 గంటలు. రోజుకి ఎనిమిది గంటల నిద్ర తీసేస్తే 112 మిగులుతాయి. ఆ గంటల్ని పాత్రలవారీగా కూడు: కొడుకు, చదువరి, ట్యూషన్ మాస్టారు, స్నేహితుడు. నాలుగు పాత్రలు మించితే కలిపెయ్యి. ఒక్కోదానికి ఒక్క లైను, ‘ఎవరికి, ఏం, ఎలా’ అని. కింద ‘ఇది చెయ్యను’ అని ఒక లైను. మొత్తం 50 మాటలు దాటకూడదు.

ట్యూషన్ లైను ఇలా ఉండొచ్చు: “లెక్కలంటే భయపడే పిల్లలకి, తెలుగులో, వాళ్లు తిరిగి నాకు చెప్పగలిగేదాకా చెప్తాను. ఒక్కో జట్టుకి 15 మందికి మించి తీసుకోను.” రేపు నువ్వు ఆఫీసరైనా ఆదివారం ఇది నిలబడుతుంది, కాకపోయినా నిలబడుతుంది.

కోట_జంక్షన్ · గురువారం, రాత్రి 8:20

దానికి పరీక్ష సులువు. రాసిన లైన్లని ఆ వారం గడుల పక్కన పెట్టు. ఏదైనా లైనుకి ఒక్క గంట కూడా పడలేదంటే లైను అబద్ధం అయినా అవ్వాలి, టైంటేబులు తప్పు అయినా అవ్వాలి. చాలామంది లైను ఉంచేసి ‘వచ్చే నెల నుంచి’ అంటారు. రెండో వారం కూడా సున్నా పడితే మొహమాటపడకుండా లైను కొట్టెయ్యి. ఆరు నెలలకోసారి మళ్లీ గడులు రాయి, అంతకంటే తరచుగా దిద్దితే అది డైరీ అయిపోతుంది.

రెజ్యూమెలో దీన్ని అంటించకు. అక్కడ అడిగే కెరీర్ ఆబ్జెక్టివ్ ఆ ఉద్యోగానికి సంబంధించి రెండు లైన్లు, ఇది నీ జేబులోది.

ఏడురోడ్ల_కూడలి · గురువారం, రాత్రి 9:00

గుండు గారూ, మీ మూడోది చదివాను. ఒప్పుకుంటాను, మొదటిదానికి నేనన్న మాట దీనికి అనను. కానీ పిక్క ఊరు రాస్తానంటున్నారు చూడండి, ఆఫ్రికా అని టిన్ను మీద కనబడగానే కొనేవాడు కిలోకి ఇంత తగ్గించమంటాడు. పక్కోడు రాయడు, పక్కోడికి తగ్గదు. దీనికేటంటారు?

అకౌంట్ల_మాస్టారు · గురువారం, రాత్రి 9:25

తగ్గించమంటాడు, నిజమే. అందుకే రాసేముందు రేటు చీటీ రెండుగా చెయ్యాలి: ఉద్దానం పిక్క లాటుకి ఒక రేటు, బయటి పిక్క లాటుకి ఒక రేటు. ఇప్పుడు రెండూ కలిపి సగటు రేటుకి పోతున్నాయంటే ఉద్దానం పప్పు చవగ్గా పోతున్నట్టు. విడదీస్తే అక్కడ వచ్చేది ఇక్కడ పోయేదాన్ని పూడ్చుతుందా అన్నది గుండు గారి గోదాము పుస్తకంలో ఉంది, ఏ పిక్క ఎన్ని బస్తాలు ఆడిందో చూస్తే తేలిపోతుంది. పూడ్చకపోతే ఆ వాక్యం తీసెయ్యండి, మిగతా మూడూ ఉంటాయి. మోయలేనిది రాసుకోనక్కర్లేదు.

కాశీబుగ్గ_గుండు · శుక్రవారం, రాత్రి 9:10

పుస్తకం చూశాం. మూడొంతుల్లో ఒక వంతు బయటి పిక్క, అదీ ఎక్కువగా ఆగస్టు తరవాత. లాట్లు కలపకుండా ఆడించగలం, బాయిలర్ దగ్గరే వేరు చెయ్యాలి. ఉంచుతున్నాం. చివరిది ఇది:

“స్వీటు షాపువాళ్లు, వంటవాళ్లు, ఇళ్లవాళ్లు విప్పాక మళ్లీ ఏరుకోనక్కర్లేకుండా, రాసిన గ్రేడే ఉండే జీడిపప్పు ఇస్తాం. పిక్క ఏ ప్రాంతందో రాసి అమ్ముతాం. మా మనిషి ఎదురుగా లేని చోట పప్పు పని చేయించం. కూలి ప్రతి శనివారం ఇస్తాం.”

ఇంగ్లిషులో కూడా కావాలంటున్నాడు కుర్రాడు. ఇక ప్యాకెట్ సంగతి?

కోట_జంక్షన్ · శుక్రవారం, రాత్రి 9:45

ఇంగ్లిషుది దీన్ని పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి రాయించండి, మాటకి మాట తిప్పించొద్దు. ఆ నాలుగు సంగతులూ ఉంటే చాలు. రాసింది తెచ్చి నోటితో తెలుగులో చెప్పించండి. ‘అత్యుత్తమ’ మళ్లీ ఎక్కడినుంచైనా దూరితే అక్కడ దొరుకుతుంది.

పావుకిలో ప్యాకెట్ మీద చోటు లేదు. నికర బరువు, ఎంఆర్‌పీ, యూనిట్ ధర, ప్యాక్ చేసిన తేదీ, 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు, ఫిర్యాదుల ఫోను, ఇలాంటివి చట్టం అడిగేవి, ముందు వీటికి చోటివ్వాలి. మిగిలితే వెనకవైపు ‘రాసిన గ్రేడే’ అని రెండే మాటలు. పూర్తి వాక్యం వెబ్‌సైటులో, గ్రేడింగు బల్ల ఎదురుగోడ మీద. ఆఫీసు గదిలో మాత్రం వద్దు, అక్కడ చదివేది ఆడిటరొక్కడే.

చోడి_అంబలి · శనివారం, ఉదయం 6:10

గోడ మీద వేసేముందు పొర తీసే చోట ఒకసారి గట్టిగా చదివించండి. ‘ప్రాంతందో’ దగ్గర నాలుక తడబడితే ‘ఏ ఊరి పిక్కో’ అని మార్చుకోవచ్చు. కింద తేదీ వెయ్యండి, వచ్చే ఏడాది జనవరిలో, పిక్క కొనుగోలు మొదలయ్యే ముందు, మొదట కూర్చున్నవాళ్లే మళ్లీ కూర్చుని చూడాలి.

కాశీబుగ్గ_గుండు · శనివారం, రాత్రి 8:30

చదివించాం. ‘ఏ ఊరి పిక్కో’ అనే అన్నారు అందరూ, అదే పెడుతున్నాం. బయటి పిక్క లాట్లకి చీటీ పసుపు రంగు, ఉద్దానానికి తెలుపు. గోడ బోర్డు సోమవారం రాయిస్తున్నాను. 454 గ్రాముల లెక్కకి గ్రేడింగులో ఒకామెని విడిగా పెట్టాం, రిజిస్టరు ఈరోజు నుంచే మొదలైంది.